సెలవు మీద వచ్చే మిలిటరీ అన్నయ్యకి బైక్ గేర్: ఏం కొనాలి, ఎలా వేయించాలి?

పలాస_చెల్లి:
అందరికీ నమస్కారం. మాది పలాస దగ్గర పల్లెటూరు. మా అన్నయ్య ఆర్మీలో నాయక్, ఇప్పుడు రాజస్థాన్‌లో పోస్టింగ్. జనవరి మొదటి వారంలో యాన్యువల్ లీవ్ మీద వస్తున్నాడు, సంక్రాంతి దాటి ఫిబ్రవరి దాకా ఇంట్లోనే ఉంటాడు. పోయిన సెలవులో మిలిటరీ క్యాంటీన్ ద్వారా రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 బైక్ తీసుకున్నాడు. వాడు వెళ్లిన దగ్గర్నుంచీ అది పశువుల శాల పక్కన రేకుల కింద టార్పాలిన్ కప్పుకుని ఉంది, ఎవరూ ముట్టుకోలేదు.

నా బాధ ఏంటంటే, యూనిట్‌లో హెల్మెట్ లేకుండా గేటు దాటనివ్వరని, స్ట్రాప్ బిగించుకున్నారా లేదా అని కూడా చూస్తారని వాడే చెప్తాడు. అదే మనిషి ఊళ్లోకి రాగానే లుంగీ, హవాయి చెప్పులు, హెల్మెట్ ఉంటే పెట్రోల్ ట్యాంకు మీద. అడిగితే "మన ఊళ్లో నన్నెవరు ఆపుతారే" అంటాడు. రాత్రి భోజనాలయ్యాక ఫ్రెండ్స్‌తో కలిసి హైవే మీద టెక్కలి దాకా టీ తాగడానికి వెళ్తారు, ఒక్కో బండి మీద ముగ్గురు. పక్క ఊళ్లో ఇలాగే సెలవు మీద వచ్చిన ఒక కుర్రాడు కిందటేడు కంకర మీద జారి పడ్డాడు. మోకాలి చిప్ప విరిగింది, ఇప్పటికీ మెడికల్ బోర్డుల చుట్టూ తిరుగుతున్నాడు. అప్పట్నుంచి బండి స్టార్ట్ చేసిన చప్పుడు వింటే చాలు అమ్మకి టెన్షన్.

నా జీతంలోంచి పదిహేను వేలు పక్కన పెట్టాను. ముందు ఏం కొనాలి? కొన్నా వాడు వేసుకునేలా ఎలా చెప్పాలి? ఇంకొకటి, "ఏమైనా అయితే ఆర్మీ చూసుకుంటుంది" అని ధీమాగా అంటాడు, సెలవులో ఉన్నప్పుడు కూడా అది నిజమేనా? తెలిసినవాళ్లు చెప్పండి.

సుబేదార్_ప్రకాశం_రిటైర్డ్:
అమ్మా, మీ మూడో ప్రశ్నకి ముందు చెప్తాను, ఎందుకంటే మీ అన్నయ్య మనసు మారేది దాంతోనే అని నా నమ్మకం.

వైద్యం విషయంలో ఆర్మీ చూసుకుంటుంది, అందులో అనుమానం లేదు. సెలవులో ఉన్నా సర్వీసులో ఉన్న జవానే కదా. దగ్గర్లో ఉన్న సివిల్ ఆసుపత్రిలో ప్రాణం నిలబెట్టాక సైనిక ఆసుపత్రికి మారుస్తారు, మీ వైపు వాళ్లకి విశాఖలో నేవీ వాళ్ల ఐఎన్‌హెచ్ఎస్ కల్యాణి ఉంది. యూనిట్‌కి వెంటనే ఫోన్ చేసి చెప్పాలి, అది మాత్రం ఆలస్యం చేయకూడదు. గ్రూప్ ఇన్సూరెన్స్ కూడా ఉంటుంది. కానీ డిజబిలిటీ పెన్షన్ వేరే సంగతి. దెబ్బకీ సైనిక సర్వీసుకీ సంబంధం ఉందని తేలితేనే అది వస్తుంది. సెలవులో సొంత పని మీద పోతూ పడితే ఆ సంబంధం ఎక్కడ చూపిస్తారు? 2011లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కేసు ఒకటి ఉంది, వార్షిక సెలవులో స్కూటర్ ప్రమాదంలో కాలు విరిగిన జవానుకి కింది కోర్టు ఇచ్చిన డిజబిలిటీ పెన్షన్‌ని సుప్రీంకోర్టు కొట్టేసింది. ప్రాణమే పోతే కుటుంబానికి పెన్షన్ వస్తుంది గానీ, డ్యూటీలో పోయినవాడి కుటుంబానికి వచ్చేంత రాదు.

ఇక మెడికల్ కేటగిరీ. పూర్తి ఫిట్‌గా ఉన్న జవానుకి ఆర్మీ ఇచ్చే గ్రేడు షేప్-1, ఆ ఇంగ్లిష్ పేరులో ఒక్కో అక్షరం ఆరోగ్యంలో ఒక్కో భాగానికి. మీ అన్నయ్యని షేప్-1 అంటే ఏంటో అడగండి, ఒక్క క్షణంలో చెప్తాడు. అందులో చేతులు, కాళ్లకి ఒక అక్షరం ఉంది. కాలు విరిగి రాడ్ వేస్తే ఆ అక్షరం దగ్గర అంకె మారుతుంది, మనిషి తక్కువ మెడికల్ కేటగిరీలోకి వెళ్తాడు, బోర్డు మళ్లీ మళ్లీ పిలుస్తుంది. నాయక్ అంటే తర్వాత హవల్దార్ ప్రమోషన్ కోసం ఎదురు చూస్తున్నవాడు. ప్రమోషన్ కేడర్, కోర్సులు, ఎత్తైన ప్రాంతాల పోస్టింగులు అన్నీ ఆ అంకె మీదే నడుస్తాయి. నా కంపెనీలో బంగారం లాంటి కుర్రాళ్లని చూశాను, గన్ను ముందు నిలబడి ఏమీ కాలేదు, సెలవులో ఊరి చెరువు గట్టు మీద పడి కెరీర్ అక్కడితో ఆగిపోయింది. సెలవుకి పంపేముందు ప్రతిసారీ వరుసలో నిలబెట్టి చెప్పేవాళ్లం, బండి నెమ్మదిగా, హెల్మెట్ పెట్టుకో, తాగి ఎక్కకు అని. రైలెక్కే దాకా గుర్తుంటుంది.

"ప్రాణం పోతుంది అన్నయ్యా" అని ఏడవకండి తల్లీ. జవానుకి ఆ మాట రోజూ వినేదే. "నీ షేప్-1 పోతుంది" అనండి.

హైదరాబాద్_రైడర్:
సుబేదార్ గారు చెప్పింది పక్కా. నేను కొనుగోలు విషయానికి వస్తాను. వీకెండ్‌లో లాంగ్ రైడ్స్ చేసే గ్రూప్‌లో ఉన్నాను, కొత్తవాళ్లకి గేర్ కొనిపించడం నా పనే.

పదిహేను వేలలో మొదట హెల్మెట్. ఫుల్ ఫేస్ మాత్రమే తీసుకోండి అక్కా, గడ్డం దగ్గర తెరిచి ఉండే ఓపెన్ ఫేస్ వద్దు, టోపీలా ఉండే సగం హెల్మెట్ అసలే వద్దు. ముందుకి పడితే చాలాసార్లు మొహం, దవడ నేలకి తగులుతాయి, అక్కడ ఓపెన్ ఫేస్‌లో అడ్డం ఏమీ ఉండదు. 2021 జూన్ 1 నుంచి మన దేశంలో ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ తయారుచేసినా అమ్మినా నేరమే, అయినా రోడ్డు పక్కన దొంగ స్టిక్కర్లు వేసినవి అమ్ముతూనే ఉన్నారు. కాబట్టి గుర్తు చూసి ఊరుకోకండి. దాని దగ్గర సీఎం/ఎల్ అని ఒక లైసెన్స్ నంబర్ ఉంటుంది, ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ వేసుకుని ఆ నంబర్ కొడితే కంపెనీ పేరు, ఏ వస్తువుకి లైసెన్స్ ఇచ్చారో వచ్చేస్తుంది. షాపులో నిలబడే చేయొచ్చు. ఇంకో పరీక్ష, లోపల గుడ్డ కాస్త పక్కకి లాగి చూడండి. గట్టిగా, మందంగా థర్మోకోల్ పొర ఉండాలి. దెబ్బ తగిలినప్పుడు ఆ పొర నలిగి అదురుని తను తీసుకుంటుంది, తలకి చేరే దెబ్బ తగ్గుతుంది. మెత్తటి స్పాంజి మాత్రమే ఉంటే అది హెల్మెట్ కాదు, ప్లాస్టిక్ గిన్నె. ఆ పొర ఒకసారి నలిగితే మళ్లీ లేవదు, అందుకే ఒక్కసారి గట్టిగా పడిన హెల్మెట్ పైకి బాగానే కనబడినా మార్చేయాలి.

సైజు లేకుండా మాత్రం కొనకండి. వీడియో కాల్‌లో అన్నయ్యతో టేపు పట్టించండి, కనుబొమ్మల పైన నుంచి వెనక తల బాగా ఉబ్బిన చోటు మీదుగా చుట్టుకొలత. పెట్టుకున్నాక బుగ్గలు కొంచెం లోపలికి నొక్కినట్టు ఉండాలి, తల ఊపితే హెల్మెట్ విడిగా ఊగకూడదు. వదులైనది తీసుకుంటే పడేటప్పుడు తలలోంచి ఊడిపోతుంది. స్టడ్స్, స్టీల్‌బర్డ్, వేగా ఏదైనా పర్లేదు, నాలుగు వేల లోపు ఐఎస్ఐతో పాటు యూరప్ వాళ్ల ఈసీఈ సర్టిఫికెట్ ఉన్నవి కూడా దొరుకుతున్నాయి.

తర్వాత గ్లవ్స్. పడేటప్పుడు ఎంత ట్రైనింగ్ ఉన్నవాడైనా చెయ్యే ముందు పెడతాడు, అరచేతి కింది భాగంలో గట్టి ప్లాస్టిక్ స్లైడర్ ఉన్న గ్లవ్స్ తీసుకోండి, రెండు వేలలోపు వస్తాయి. మోకాళ్లకి ప్యాంటు మీద కట్టుకునే నీ గార్డ్స్ ఇంకో రెండు వేలు. మిగిలినదాంట్లో మెష్ జాకెట్, అంటే వలలా గాలి ఆడే గుడ్డది, మోచేతులు, భుజాల దగ్గర సీఈ (యూరప్ ప్రమాణం) లెవెల్ 1 లేదా లెవెల్ 2 ప్యాడ్లు ఉన్నది. వీపు దగ్గర చాలా జాకెట్లలో ఉత్త స్పాంజి ముక్క పెట్టి పంపిస్తారు, అది తీసేసి అసలైన బ్యాక్ ప్రొటెక్టర్ తర్వాత కొని పెట్టుకోవచ్చు. మీ తీరంలో ఉక్కపోత ఎక్కువ కాబట్టి మెష్ అంటున్నాను, జనవరిలో అయితే ఆ సాకు కూడా ఉండదు.

బూట్ల మీద రూపాయి పెట్టకండి. ఆయన దగ్గర డ్యూటీ బూట్లు ఉంటాయి కదా, చీలమండ దాటి పైకి వస్తాయి, అడుగు గట్టిగా ఉంటుంది. 195 కిలోల బండి కాలి మీద పడ్డప్పుడు హవాయి చెప్పుకీ ఆ బూటుకీ తేడా ఏంటో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. లేసులు మాత్రం లోపలికి దోపుకోమనండి, గేర్ లీవర్‌కి చుట్టుకుంటాయి.

సర్వింగ్_జవాన్_27:
నేనూ సర్వీసులోనే ఉన్నాను, కోపం తెచ్చుకోకండి గానీ ఒక మాట. ఏడాదిలో పది నెలలు లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏం వేసుకోవాలో, ఎప్పుడు వేసుకోవాలో ఇంకొకరు చెప్తే చేస్తాం. ఇంటికొచ్చేది ఆ రెండు నెలలే. ఆ రెండు నెలల్లో కూడా చెల్లి గేటు దగ్గర నిలబడి జాకెట్ వేసుకో, మోకాళ్లకి కట్టుకో అంటే ఇల్లు కూడా బ్యారక్ అయిపోతుంది. ఊళ్లో కిరాణా కొట్టు దాకా వెళ్లడానికి ఇదంతా వేసుకుంటే పిల్లలు వెంటపడి నవ్వుతారు. హెల్మెట్, బూటు చాలు. మిగతావి హైవే ఎక్కినప్పుడు. ఇంత అడిగితే ఆ హెల్మెట్ కూడా పెట్టుకోడు, నా అనుభవం అది.

ఆర్థో_వార్డ్_సిస్టర్:
జవాన్ గారూ, మీ మాటలో న్యాయం ఉంది, కానీ "కిరాణా కొట్టు దాకా" అన్న దగ్గర నేను ఒప్పుకోలేను. నేను జిల్లా స్థాయి ఆసుపత్రిలో ఎముకల వార్డులో పనిచేస్తాను. పండగ రోజుల్లో మాకు వచ్చే బైక్ కేసుల్లో చాలామంది ఇంటికి రెండు మూడు కిలోమీటర్లలోపు పడ్డవాళ్లే. ఊరి రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్‌కి తెల్ల గీత ఉండదు. రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి, అంచులకి రాళ్లు పెడతారు. సాయంత్రం గేదెలు ఇంటికొచ్చే వేళ. వడ్ల మీద బ్రేక్ కొడితే, చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్నా టైరుకి పట్టు దొరకదు, బండి తిన్నగా జారుకుంటూ పోతుంది.

ఒక్క సంగతి దగ్గర్నుంచి చూసింది చెప్తాను. షార్ట్, బనియన్ మీద వచ్చిన కుర్రాడికి తారు రోడ్డు మీద ఈడ్చుకుపోయిన మోకాలు కడగాలి. చర్మం కింద సన్న కంకర, ఇసుక దిగబడి ఉంటాయి, అవి ఉంటే చీము పడుతుంది, అందుకని సెలైన్ పోస్తూ మెత్తటి బ్రష్‌తో రుద్ది ఒక్కోటీ తీస్తాం. మత్తు ఇచ్చినా మనిషి మంచం అంచు పట్టుకుని వణుకుతాడు. ఎముక విరగలేదు, పెద్ద దెబ్బేం కాదు అని కేస్ షీట్‌లో రాస్తాం. అదే దెబ్బ జీన్స్ మీద మోకాలి గార్డ్ ఉన్నవాడికి ప్లాస్టిక్ మీద గీత మాత్రమే.

2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోతే, అందులో 50,029 మంది హెల్మెట్ లేకుండా బండి మీద ఉన్నవాళ్లు. వాళ్లలో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్లు. కాబట్టి పలాస చెల్లీ, అన్నయ్యకి ఒక్కటే కాదు, వెనక కూర్చునేవాళ్లకి ఇంకో హెల్మెట్ కూడా కొనమ్మా. వదినో, అమ్మో కూర్చుంటారు కదా. చట్టం ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ పెట్టుకోవాలి. ఇక ఒక బండి మీద ముగ్గురు అన్నది మాత్రం ఏ గేర్ కొన్నా సరిపెట్టలేం, అది ఆపాల్సిందే.

టెక్సాస్_తెలుగోడు:
నేను అమెరికా ఆర్మీలో ఉన్నాను, టెక్సాస్‌లో పోస్టింగ్. ఇక్కడి పద్ధతి చెప్తే మీకు పనికొస్తుందేమో చూడండి.

టెక్సాస్ రాష్ట్ర చట్టంలో 21 ఏళ్లు దాటినవాడు ట్రైనింగ్ కోర్సు చేసి ఉన్నా, మెడికల్ ఇన్సూరెన్స్ ఉన్నా హెల్మెట్ లేకుండా నడపొచ్చు, పోలీసు ఫైన్ వేయడు. కానీ యూనిఫాం ఉద్యోగంలో ఉన్నవాడికి రక్షణ శాఖ నిబంధన వేరే ఉంది. బేస్ లోపలైనా బయటైనా, డ్యూటీలో ఉన్నా లేకపోయినా, సెలవులో సొంత ఊరికి పోయినా సరే మోటార్‌సైకిల్ ఎక్కితే సర్టిఫైడ్ హెల్మెట్, కళ్లకి అద్దాలో ఫేస్ షీల్డో, పొడుగు చేతుల చొక్కా లేదా జాకెట్, ఫుల్ ప్యాంటు, వేళ్లన్నీ మూసే గ్లవ్స్, చీలమండ దాటే బూట్లు ఉండాలి. లైసెన్స్ ఉంటే చాలదు, రైడర్ కోర్సు చేయాలి, దాని ఫీజు సైన్యమే పెట్టుకుంటుంది. స్పోర్ట్ బైక్ అయితే దానికి వేరే కోర్సు. నెలల తరబడి డిప్లాయ్‌మెంట్‌కి వెళ్లి వచ్చినవాడు మళ్లీ బండెక్కే ముందు రిఫ్రెషర్ చేయాలి. గేర్ లేకుండా పడితే, ఆ దెబ్బని సర్వీసు ఖాతాలో రాయాలా వద్దా అని తేల్చేటప్పుడు ఆ సంగతి కూడా చూస్తారు.

ఇంత గట్టిగా ఎందుకంటే, 2008లో అమెరికా సైనిక దళాల్లో ఒకటైన మెరైన్ కోర్‌లో ఏడాది కాలంలో మోటార్‌సైకిల్ ప్రమాదాల్లో 25 మంది చనిపోయారు, అదే కాలంలో ఇరాక్‌లో శత్రువు చేతిలో చనిపోయిన మెరైన్లు 20 మంది. ఆ 25లో ఒక్కటి తప్ప అన్నీ స్పోర్ట్ బైకులే. యుద్ధం నుంచి క్షేమంగా తిరిగొచ్చి, చేతిలో దాచుకున్న డబ్బుతో పెద్ద బండి కొని, నెలల తర్వాత ఒక్కసారిగా హైవే ఎక్కుతారు. చేతికి అలవాటు తప్పి ఉంటుంది, ఒంట్లో మాత్రం ఆ ఊపు ఇంకా దిగి ఉండదు. సెలవు మీద ఇంటికొచ్చే మన జవాన్ల పరిస్థితి కూడా అంతే కదండీ. మా దగ్గర ఉపయోగపడింది ఏంటంటే, యూనిట్‌లో బాగా నడిపే సీనియర్ ఒకడిని మెంటర్‌గా పెట్టి కొత్తవాళ్లని అతని వెనక రైడ్‌కి పంపడం. ఆఫీసర్ చెప్తే విననివాడు తన కన్నా బాగా నడిపేవాడు చెప్తే వింటాడు. మీ అన్నయ్య ఫ్రెండ్స్‌లో అలాంటివాడు ఎవరైనా ఉంటే అతనితో మాట్లాడండి.

పలాస_చెల్లి:
అందరికీ చాలా చాలా థాంక్స్. సుబేదార్ గారు చెప్పినట్టే నిన్న ఫోన్‌లో షేప్-1 మాట ఎత్తాను. కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "నీకెవరు చెప్పారే ఇవన్నీ" అన్నాడు. తల కొలత మాత్రం పంపాడు, 58 సెంటీమీటర్లు. గ్లవ్స్ సైజు కూడా అడిగితే చెప్పాడు. సర్వింగ్ జవాన్ గారూ, మీ మాట కూడా మనసులో పెట్టుకున్నాను, ఊళ్లోకి జాకెట్ వేసుకోమని అడగను, హెల్మెట్, ఫుల్ ప్యాంటు, బూట్లు ఇంటి గుమ్మం నుంచే, మిగతావి హైవే ఎక్కితే. రెండు హెల్మెట్లు కొంటున్నాను, దాంతో జాకెట్‌కి కొంచెం తగ్గుతుంది, ఆ తగ్గింది నాన్న ఇస్తానన్నారు.

ఇంకో సందేహం. బండి పది నెలలుగా అలాగే ఉంది. వాడు దిగీదిగగానే తాళం తీసుకుని వెళ్లిపోతాడు, నాకు తెలుసు. వాడొచ్చేలోపు ఏమైనా చేయించాలా?

హైదరాబాద్_రైడర్:
తప్పకుండా చేయించాలి అక్కా, మంచి ప్రశ్న. వాడకుండా ఉన్న బండి వాడిన బండి కన్నా ప్రమాదం. టైర్లలో గాలి తగ్గి ఒకే చోట నొక్కుకుని ఉంటాయి, పక్కల్లో పగుళ్లు వచ్చాయేమో చూడాలి. గాలి మాన్యువల్‌లో ఉన్న లెక్క ప్రకారమే కొట్టించండి, చేత్తో నొక్కి చూసి సరిపోయింది అనే మెకానిక్‌ని నమ్మకండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది, అది మార్పించండి, డిస్క్ మీద తుప్పు పడితే మొదటి కొన్ని బ్రేకులు సరిగ్గా పట్టవు. చైన్‌కి ఉప్పు గాలికి తుప్పు పట్టి ఉంటుంది, కడిగి లూబ్ వేయించాలి. బ్యాటరీ చాలావరకు దిగిపోయే ఉంటుంది. హెడ్‌లైట్, బ్రేక్ లైట్ వెలుగుతున్నాయో లేదో రాత్రి పూట చూడండి. పాత పెట్రోల్ తీయించి కొత్తది పోయించండి. పశువుల శాల పక్కన అన్నారు కాబట్టి సైలెన్సర్‌లో, సీటు కింద ఎలుకలు గూడు కట్టాయేమో, వైర్లు కొరికాయేమో కూడా చూడమనండి. అన్నయ్య వచ్చాక మొదటి రోజు ఊరి బయట ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా కాసేపు తిప్పి, బ్రేకులు గట్టిగా పట్టి చూసుకోమనండి, ఫ్రెండ్స్ ఎవరూ వెనక లేకుండా.

సుబేదార్_ప్రకాశం_రిటైర్డ్:
ఇంకొకటి కలుపుతున్నానమ్మా. రాజస్థాన్ నుంచి పలాస అంటే రైల్లో రెండు రోజుల పైనే, అదీ రిజర్వేషన్ దొరికితే. దిగిన రోజు నిద్ర లేని కళ్లతో బండి తాళం ఇవ్వొద్దు. స్టేషన్‌కి నాన్నగారినో, ఆటోనో పంపండి, బండి తీసుకెళ్లి వాడి చేతికి ఇవ్వకండి. మొదటి రాత్రి నిద్రపోనివ్వండి.

బండి కాగితాలు కూడా ఇప్పుడే తీసి చూడండి. కొత్త టూవీలర్‌కి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఐదేళ్లకి కట్టి ఇస్తారు కాబట్టి అది ఉంటుంది, కానీ సొంత బండి నష్టానిదీ, ఓనర్ కమ్ డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్‌దీ గడువు విడిగా ఉండొచ్చు. ఆ పర్సనల్ యాక్సిడెంట్ కవర్ 15 లక్షలు, అది ఎవరి పేరు మీద బండి ఉందో అతను నడిపినప్పుడే, లైసెన్స్ చెల్లుబాటులో ఉంటేనే వర్తిస్తుంది. ఫ్రెండ్ తీసుకెళ్లి పడితే అతనికి రాదు. మన కుర్రాళ్లు పోస్టింగుల్లో తిరుగుతూ లైసెన్స్ రెన్యువల్ మర్చిపోతారు, దాని తారీఖు ఒకసారి ఫోన్‌లో అడగండి. గడువు అయిపోయి ఉంటే సెలవు మొదటి వారంలోనే ఆర్టీవో పని పెట్టుకోమనండి, పండగ సెలవులు మొదలయ్యాక ఆఫీసులో ఎవరూ దొరకరు.